పోటూ పాటూ చూసి రమ్మనండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి శ్రీ కందుల దుర్గేష్ గారికి,



ఏటా దసరా వెళ్లగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, ఒక్కోసారి అమెరికాలో ఉండి సెలవుకు వచ్చే మనవాళ్ల నుంచి. కారు ఉంది, పొడుగు లెన్సు కొన్నాం, నాలుగు రోజులు ఖాళీ చేసుకున్నాం, గోదావరీ పక్షులూ పొలాలూ కావాలి, జనం మాత్రం వద్దు, దారి చెప్పండి అంటారు. వాళ్లకు కాగితం మీద దారి గీసి ఇవ్వడం నాకిష్టమైన పని. ఆ కాగితంలో ఏముంటుందో మీకు చెప్పి, ఇకమీదట దాన్ని మీ శాఖ పనిగా చేపట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు నిడదవోలు నుంచి గెలిచినవారు. విజ్జేశ్వరం లాకులూ పశ్చిమ డెల్టా కాలవా మీకు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ ధైర్యంతోనే కాస్త వివరంగా రాస్తున్నాను.

గోదావరి అనగానే పోస్టర్లూ సినిమాలూ సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోలూ అన్నీ కలిసి నాలుగైదు పేర్లే చెబుతున్నాయి. పాపికొండలు, మారేడుమిల్లి, కోరంగి మడ అడవిలోని చెక్కవంతెన, దిండి, అంతర్వేది. అందరికీ దొరికే సెలవులూ అవే: కార్తీకమాసం ఆదివారాలు, క్రిస్మస్ వారం, సంక్రాంతి. వెళ్లే వేళా ఒకటే, పొద్దున పదికి టిఫిన్లు ముగించుకుని బయలుదేరడం. ఇంత పెద్ద డెల్టాలో, ఇన్ని పాయలూ ఇన్ని కాలవలూ ఇన్ని లంకలూ ఉన్న నేల మీద, జనమంతా కొన్ని ఎకరాల్లో కొన్ని గంటలపాటు ఒకరినొకరు తోసుకుంటున్నారు. పక్కనే ఉన్న ఏటిగట్టు మీద ఆ సమయానికి ఒక సైకిలు కూడా ఉండదు. మనకు చోటు కరువు కాదు. ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పేవాళ్లే కరువు.

కనుక నా కాగితంలో మొదట ఉండేది తిథి. కార్తీక సోమవారాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం చుట్టూ ఉన్న రోడ్లన్నీ పంచారామ యాత్ర బస్సులవే. ఐదింటిలో నాలుగు మన దగ్గరే ఉన్నాయి కదా. శనివారం రావులపాలెం నుంచి ఆత్రేయపురం వైపు వెళ్లకూడదు, వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కుబడి చెల్లించేవాళ్లతో దారి నిండిపోతుంది. లొల్ల లాకులు చూడాలంటే మంగళవారమో బుధవారమో చూసుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో లాడ్జి గది మాట ఎత్తకూడదు. భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేది తీర్థం. ఇవి భక్తుల రోజులు, ఊళ్ల పండగలు. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, తీర్థాన్ని తియ్యడానికే వచ్చేవాడికి అంతకు మించిన రోజు దొరకదు కూడా. నిశ్శబ్దం వెతుక్కుంటూ వచ్చేవాడికి మాత్రం ఈ సంగతి ముందే తెలియాలి. హైదరాబాదులో పెరిగిన కుర్రాడికి వాడపల్లి శనివారం సంగతి ఎవరు చెబుతారు?

తిథి తరవాత నీళ్లు. ఇక్కడి నుంచి నన్ను కొంచెం నింపాదిగా చెప్పనివ్వండి.

ఈ డెల్టా ఎలా కనబడుతుందనేది నూట డెబ్బై ఏళ్లుగా ధవళేశ్వరం దగ్గర తేలుతోంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించిన ఆనకట్ట, దాని స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు, 175 గేట్లు, వాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పోయే మూడు పెద్ద కాలవలు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో లేనిదేమిటంటే, ఆ కాలవల రాకపోకలే ఇక్కడి వెలుతురునూ పక్షులనూ నడిపిస్తాయి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు చిక్కుకుంటాయి. ఆ మడుగుల చుట్టూ తెల్లకొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు చేరతాయి, వాటితోపాటు వలలు పట్టుకున్న పిల్లలూ దిగుతారు. ఎండ పేరు చెప్పి ఎవరూ రాని ఆ నెలలో, తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడున్నర వరకు కాలవగట్టు మీద కారులోనే కూర్చుని కిటికీ అద్దం దించుకుంటే చాలు. కారును పక్షి పెద్దగా పట్టించుకోదు. కారు తలుపు తెరిచి దిగిన మనిషిని చూస్తే మాత్రం ఎగిరిపోతుంది.

జూన్‌లో కాలవలకు నీళ్లు వదులుతారు. సార్వా ఊడ్పులు. పొలానికి నీళ్లు పెట్టి దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనకాల కొంగలు బారులు తీరి నడుస్తాయి, చక్రం తిరగేసిన బురదలోంచి పురుగుల్ని ఏరుకుంటూ. మబ్బు పట్టిన ఆకాశం మొత్తం ఆ నీటి చదునులో కనబడుతుంది. మళ్లీ డిసెంబరు, జనవరి నెలల్లో దాళ్వా ఊడ్పులు. నా లెక్కలో ఏడాది మొత్తం మీద ఇంతకు మించిన కాలం లేదు. పొలాలన్నీ మళ్లీ అద్దాలవుతాయి, పైన మంచు, ఉత్తరాన్నుంచి వలస వచ్చిన ఉల్లంకులూ బాతులూ అప్పటికే దిగి ఉంటాయి. పెనుగొండ, ఆచంట, అత్తిలి చుట్టుపక్కల ఏ పుంత పట్టుకున్నా ఉదయం ఎనిమిది లోపు రోజుకు సరిపడా బొమ్మలు దొరుకుతాయి. సంక్రాంతికి ఊరొచ్చిన బంధువులంతా అప్పుడు పందేల బరుల దగ్గర ఉంటారు. అదే జిల్లాలో, అదే ఉదయం, పొలంలో ఊడ్చే ఆడవాళ్లూ కొంగలూ తప్ప ఎవరూ ఉండరు. ఊడ్చేవాళ్లను అడగకుండా ఫొటో తియ్యొద్దని మాత్రం నా కాగితంలో గీత గీసి రాస్తాను. నడుం వంచి పని చేసుకుంటున్న మనిషి ఎవరికీ దృశ్యం కాదు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సంగతి వేరు. అక్కడ వరి తగ్గి చేపల చెరువులూ రొయ్యల చెరువులూ వచ్చాయి. పక్షులు వాలకుండా చెరువుల మీద దారాలు కడతారు, వలలు పరుస్తారు. కెమెరా పట్టుకుని చెరువుగట్టు ఎక్కిన కొత్తమనిషిని కాపలావాడు అనుమానించడంలో తప్పేం లేదు. రైతుగారిని అడిగి, సరేనంటేనే ఎక్కాలి. ఆ దారాల్లో చిక్కుకున్న పిట్టను ఫొటో తియ్యడం కూడా వన్యప్రాణి ఫొటోగ్రఫీయే. మన డెల్టా గురించి నిజం చెప్పే బొమ్మ అది.

ఇక దారి. చెన్నై–కోల్‌కతా హైవే మీద, 216 నంబరు హైవే మీద కారు నడిపేవాడికి గోదావరి వంతెన మీద ఒక నిమిషం కనబడి మాయమవుతుంది. నేను ఏటిగట్లు పట్టుకోమంటాను. జొన్నాడ నుంచి కపిలేశ్వరపురం మీదుగా కోటిపల్లి దాకా గౌతమి పాయ ఎడమగట్టు. కోటిపల్లి రేవులో కారును పంటు అనే బల్లకట్టు ఎక్కించి ముక్తేశ్వరంలో దింపుకోవచ్చు. సఖినేటిపల్లిలో మళ్లీ పంటు, ఈసారి వశిష్ఠ పాయ మీదుగా నరసాపురానికి. ఎండ లెక్క కూడా రేవుల దగ్గరే తెలుస్తుంది. ముక్తేశ్వరం వైపు నిలబడితే సూర్యుడు నది మీద ఉదయిస్తాడు, కోటిపల్లి వైపు నిలబడితే నది మీద అస్తమిస్తాడు. నరసాపురానికీ సఖినేటిపల్లికీ అదే తేడా. రాజమండ్రిలో సాయంత్రం హారతి వేళ పుష్కరఘాట్‌లో కాలు పెట్టే సందు ఉండదు, అందరూ పడమటి ఎండలో వంతెనలు తీస్తుంటారు. తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీద కూర్చుంటే అవే వంతెనల వెనకనుంచి పొద్దు పొడుస్తుంది. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి విశ్రాంతి తీసుకుంటున్న హేవలాక్ వంతెన స్తంభాల మధ్య వేటపడవలు కదులుతుంటాయి. అప్పుడక్కడ స్నానానికి వచ్చిన నలుగురు పెద్దవాళ్లు తప్ప ఎవరుంటారు?

మంత్రిగారూ, ఈ గట్టు రోడ్ల మీద నేను మిమ్మల్ని అడిగేది చిన్నది. పెద్ద రిసార్టులు కట్టమనడం లేదు. మైలు రెండు మైళ్లకొకచోట కారు పక్కకు తీసి ఆపుకొనే జాగా కావాలి. మాసూళ్ల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో కొబ్బరికాయల లారీ వస్తుంది, మధ్యలో ఫొటోగ్రాఫరు కారు ఆగితే రైతుకు కోపం రాకుండా ఉంటుందా? పంటు మొదటిది ఎన్నింటికి బయలుదేరుతుందో, చివరిది ఎన్నింటికో, వరద వస్తే ఎప్పుడు ఆపేస్తారో రేవులో బోర్డు మీద రాసి ఉండాలి. అదే సమాచారం ఫోన్లో కూడా దొరకాలి.

కోరంగి దగ్గర వేళ సంగతి ఇంకా తీవ్రం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి అది. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల మధ్య బావురుపిల్లి రాత్రిపూట చేపలు పడుతుంది, నీటికుక్కలు గుంపుగా తిరుగుతాయి. సందర్శకులను రానిచ్చేది ఆఫీసు వేళల్లో. కానీ ఆ అడవి బతికేది సముద్రపు పోటూ పాటూ లెక్కన. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతి రోజూ ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతాయి. పాటులో బురద మైదానం మైళ్ల కొద్దీ బయటపడి పక్షులన్నీ చుక్కలంత దూరాన చెల్లాచెదురుగా ఉంటాయి. పోటు ఎక్కేకొద్దీ నీరు వాటిని ఒడ్డువైపు నెడుతుంది. నిండు పోటుకు రెండు గంటల ముందే వచ్చి, ఒకచోట కదలకుండా కూర్చున్నవాడి దగ్గరికి పక్షులు వాటంతట అవే నడిచి వస్తాయి. ఇది మన చేపల వేటగాళ్లకు పసితనం నుంచి తెలిసిన విషయం. ఆ పోటు సాయంత్రం పడితే మరీ మంచిది, ఎండ మన వీపు వెనక ఉంటుంది. ఈ లెక్క తెలియని సందర్శకుడు మిట్టమధ్యాహ్నం పాటులో వచ్చి, చెక్కవంతెన మీద జనంలో నడిచి, ఒక్క పక్షినీ చూడకుండా వెళ్లిపోతాడు. కోరంగిలో ఏమీ లేదని నలుగురికీ చెబుతాడు.

ఇంకో రకం సందర్శకుడు ఉన్నాడు, అతనంటేనే నాకు భయం. చలికాలంలో కాకినాడ తీరపు ఇసుకతిన్నెల మీద ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. నారింజ రంగు ముక్కు, కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ ఎగిరి చేపను అందుకుంటాయి. చంబల్, మహానది ఇసుకతిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షి అది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. గుంపు మొత్తం ఎగిరితే బొమ్మ బాగా వస్తుందని పడవను నేరుగా వాటి మీదికి తోలించేవాళ్లున్నారు. నిండు పోటు వేళ తీరపు పక్షులకు కాలు మోపడానికి మిగిలేది ఆ కాస్త తిన్నె మాత్రమే, అవి సేదదీరేది అప్పుడే. వాటిని మళ్లీ మళ్లీ లేపితే, వేల మైళ్ల తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకోవలసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. అలా తీసిన బొమ్మను ఏ పోటీకీ తీసుకోకూడదని, ఏ ప్రభుత్వ క్యాలెండరులోనూ వెయ్యకూడదని నా కోరిక. మీ శాఖ క్యాలెండరుతోనే అది మొదలు కావచ్చు.

కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్, కోనసీమ సముద్రతీరం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న దిక్కును సముద్రమనుకుని నడుస్తాయి. బీచిలో రాత్రి కారు లైట్లు, ఫ్లాష్ లైట్లు, రిసార్టు దీపాలు వాటిని ఊరివైపు నడిపించి చంపుతాయి. ఆ నెలల్లో ఆ తీరంలో రాత్రి క్యాంపులకు అనుమతి ఇవ్వొద్దని నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వెయ్యవచ్చు. జనం లేని చోట్లను ప్రభుత్వమే ప్రచారం చేస్తే అవి కూడా నిండిపోవా అని. నిండిపోతాయి. దీనికి జవాబు 1946లో మన గోదావరి జిల్లాల్లోనే మొదలైన ఒక కథలో ఉంది. ఆ ఏడాది కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల గూళ్లు కనుగొన్నాడు. కొల్లేరు మీద ఆధారపడి బతికే ఆ పక్షులు దగ్గర దగ్గర మూడువేలు, మనుషుల మధ్యే గూళ్లు పెట్టుకున్నాయి. 1975 ప్రాంతానికి ఆ గూళ్లు లేకుండా పోయాయి. ఊరు ఉంది, కొల్లేరు ఉంది, పక్షి లేదు. తరవాత చాలా కాలానికి కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ చెరువులో ఇనుప మంచెలు పాతితే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వాటి మీద గూళ్లు కట్టుకున్నాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరడం, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం, ఆ తరవాత జరిగిన గొడవలూ మీకు తెలుసు. నేను నేర్చుకున్న పాఠం ఇది: గూడు దగ్గర మనం చేసే ప్రతి పనికీ పక్షి బదులు చెబుతుంది. ఆ బదులు కొన్నిసార్లు ముప్ఫై ఏళ్లకు గానీ మనకు వినబడదు.

అందుకని రెండు రకాల చోట్లను వేరుచెయ్యాలి. ఎంతమంది వచ్చినా తట్టుకునేవి చాలా ఉన్నాయి: ఏటిగట్లు, పొలాల పుంతలు, లాకులు, రేవులు, పంట్లు, కడియపులంక నర్సరీలు, కొబ్బరితోటల మధ్య కాలవలు. వీటిని ఎంత ప్రచారం చేసినా నష్టం లేదు. జనం వందచోట్లకు విడిపోతారు, రేవులో టీకొట్టుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. తట్టుకోలేనివి కొన్నే: గూళ్లున్న చెట్లు, పక్షులు పోటువేళ చేరే తిన్నెలు, తాబేళ్ల తీరం, బావురుపిల్లి తిరిగే ఉప్పుటేర్లు. వీటి పేర్లు మ్యాపులో ఉండకూడదు. చూడాలనుకున్నవాడు అటవీశాఖ అనుమతితో, స్థానిక చేపల వేటగాడిని వెంట తీసుకుని, రోజుకు కొద్దిమంది చొప్పున వెళ్లాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ఫొటోలకు అనుమతి ఇచ్చే ఏర్పాటు ఎప్పుడో చేసింది. ఆ అనుమతి ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల ముందు అడగాలో సామాన్యుడికి తెలియకపోవడమే సమస్య. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మరీ చిక్కు. నాలుగు రోజుల ప్రయాణంలో ఒక ఫొటోగ్రాఫరు తూర్పు గోదావరి, కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి, ఏలూరు అన్నీ దాటుతాడు, మధ్యలో యానాం తగిలితే పుదుచ్చేరి గడ్డ మీద కూడా కాలు పెడతాడు. కోరంగి ఒక జిల్లాలో, ఆటపాక ఒక జిల్లాలో, తాబేళ్ల తీరం ఇంకొకదానిలో. అనుమతులన్నిటికీ రాజమండ్రిలో ఒకే కిటికీ తెరిపించండి.

పాపికొండల గురించి తక్కువే చెబుతాను. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన, వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన ఆ అడవిని మనం గండిపోశమ్మ నుంచి బయలుదేరే లాంచీలోంచి మాత్రమే చూస్తున్నాం, అదీ మైకులో పాటలు వింటూ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఆ రోజు తరవాత నది ఎప్పుడు పిలుస్తుందో ఎప్పుడు వద్దంటుందో తెలుసుకోవడం మన అందరి బాధ్యత అయింది. పోలవరం పనుల వల్ల దేవీపట్నం ఒడ్డున ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలిన కొండలను మిగిలిన ఊళ్ల మధ్య చూసే కాలం ఇదే కావచ్చు. మైకు లేని లాంచీ వారానికి రెండు రోజులైనా, తెల్లవారుజామున, కెమెరాలూ దుర్భిణులూ ఉన్నవాళ్ల కోసం నడపలేమా? మారేడుమిల్లి దగ్గర గుడిస గడ్డికొండ మీదికి ఆదివారం వేకువన జీపుల బారు ఎక్కుతుంది. గడ్డి ఎంత తొక్కుడు తట్టుకుంటుందో లెక్కకట్టి, రోజుకు ఇన్ని బండ్లేనని ఖరారు చెయ్యండి. మంగళవారం వచ్చేవాడికి టికెట్టు తగ్గించండి. సగం జనం దాంతోనే సర్దుకుంటారు.

ఎందుకింత తొందరగా అడుగుతున్నానో కూడా చెప్పాలి. 2027లో జూన్ ఆఖరు నుంచి జులై మొదటివారం దాకా గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న పుష్కరాల మొదటి ఉదయమే రాజమండ్రి ఘాట్‌లో 27 మంది ప్రాణాలు పోయాయి. ఒకే చోట, ఒకే ముహూర్తానికి అందరినీ పిలిస్తే ఏమవుతుందో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈసారి స్నానం చేసినవాళ్లలో చాలామంది ఒకటి రెండు రోజులు ఆగి డెల్టా చూస్తారు. కాలవలకు కొత్తనీరు వచ్చి, సార్వా ఊడ్పులు మొదలయ్యే సమయం అది. నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టే కాలం కూడా దగ్గర పడుతుంది. 2025 జూన్‌లో శంకుస్థాపన చేసిన రూ.94.44 కోట్ల అఖండ గోదావరి పథకంలో హేవలాక్ వంతెనకూ పుష్కరఘాట్‌కూ పనులున్నాయి, సంతోషం. కానీ ఆ డబ్బు అంతా తిరిగి అదే ఘాట్‌కు జనాన్ని లాగితే ప్రయోజనం సగమే. వచ్చినవాళ్లను గట్ల మీదికి, రేవులకు, లాకులకు పంచే ప్రణాళిక కూడా అందులో ఉండాలి.

వరద గురించి ఒక్క మాట. పుష్కరాల తరవాత జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగుతుంది, పులస వస్తుంది, ఫొటోగ్రాఫర్లూ వస్తారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు లంకల జనం గొడ్డూగోదాతో గట్ల మీదికి చేరారు. గట్టు అప్పుడు వాళ్ల ఇల్లు. రెండో హెచ్చరిక ఎగరేసిన గంట నుంచి సరదా బండ్లను గట్టు ఎక్కనివ్వకండి. పత్రికలవాళ్లకు వేరే ఏర్పాటు చెయ్యండి.

నేను అడుగుతున్న వేళల పట్టికకు కొత్తగా పరిశోధన ఏమీ అక్కర్లేదు. పోటుపాట్ల అంచనాలు హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఇప్పటికే ఇస్తోంది. కాలవలకు నీళ్లు వదిలే తేదీ, కట్టేసే తేదీ ఇరిగేషన్ శాఖ ప్రకటిస్తుంది. ఊడ్పులు ఏ మండలంలో ఎంతవరకు వచ్చాయో వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది. తీర్థాల తేదీలు దేవాదాయ శాఖ దగ్గర ఉంటాయి. పంట్ల వేళలు రేవు పాటదారుకు తెలుసు. వలస పక్షులు ఎప్పుడు దిగాయో అటవీశాఖ సిబ్బందికీ, వాళ్లకంటే ముందు వేటగాళ్లకూ తెలుస్తుంది. వీటన్నిటినీ కలిపి నెలకొక కాగితం, అచ్చ తెలుగులో, పేర్లు మన ఊళ్ల పేర్లుగా, ఒకవైపు ఈ నెల జనం ఉండే రోజులు, రెండోవైపు జనం లేని వేళలు. దాన్ని తయారుచేసే పనిలో మాలాంటివాళ్లం జీతం లేకుండా కూర్చుంటాం, మమ్మల్ని పిలవండి. మొదటి కాగితం ఈ కార్తీకం కంటే ముందే రావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర, కోటిపల్లి రేవులో, సఖినేటిపల్లి పంటు మీద, కోరంగి టికెట్టు కిటికీ పక్కన, ఆటపాక చెరువుగట్టు మీద అతికించండి.

ఇట్లు,
గోదావరి జిల్లాల ఫొటోగ్రాఫరు ఒకడు,
రాజమహేంద్రవరం